వంట జాబితాలో ఇంటిపేరు

‘ఆమెన్’ అంటే వస్తానని అర్థమో, రానని అర్థమో నాకు ఇప్పటికీ తెలియదు. కెనడాలోని ఓక్‌విల్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘానికి మూడేళ్ళపాటు వాలంటీర్ల జాబితా నడిపింది నేనే. ఆదివారం కుర్చీలు వేయడానికి ఎవరొస్తారని అడిగితే పద్నాలుగు ఆమెన్‌లు వచ్చేవి. తీరా ఆదివారం హాలు తలుపు తీసి చూస్తే నేనూ, మా ఆయనా, గోడకు ఆనించిన మడత కుర్చీలూ తప్ప ఇంకెవరూ ఉండేవాళ్ళు కాదు.

మాకు సొంత మందిరం లేదు. ఒక ఇంగ్లీషు చర్చి వాళ్ళ హాలును ఆదివారాలు రెండు నుంచి ఆరు దాకా అద్దెకు తీసుకుంటాం. వాళ్ళ ఆరాధన, కాఫీ, కబుర్లు అయ్యాక మేం లోపలికి వెళ్ళాలి. ఆరింటికల్లా హాలు ఎలా ఇచ్చారో అలా అప్పగించాలి. ఆ నాలుగు గంటల్లోనే కుర్చీలు వేయాలి, సౌండ్ పెట్టాలి, పిల్లలకు సండే స్కూల్ చెప్పాలి, నెలలో మొదటి ఆదివారం అందరికీ భోజనం పెట్టాలి, గిన్నెలు కడగాలి, నేల తుడవాలి. మేం ఇంచుమించు తొంభైమందిమి. పని చేసేది మాత్రం ఎప్పుడూ ఆ ఎనిమిది మందే. మిగతావాళ్ళు మా కోసం ప్రార్థన చేసేవాళ్ళు.

మొదట్లో వాట్సాప్ గ్రూపు ఉండేది. అందులో పని గురించి ఏం అడిగినా అయిదు నిమిషాల్లో దాని మీద ఒక గులాబీ పువ్వు, ఆ పువ్వు మీద ఒక వచనం, ఆ వచనం మీద ఎవరో అంకుల్ మోకాలి ఆపరేషన్‌కు ప్రార్థన మనవి వచ్చి పడేవి. నా ప్రశ్న అడుగునెక్కడో ఊపిరాడక చచ్చేది. నేను ఆఫీసులో చేసేదీ ఇలాంటి పనే, జనం చేత ఫారాలు సరిగ్గా నింపించడం. అందుకని పాస్టరు గారిని ఒప్పించి టెక్స్ట్ మెసేజ్ పద్ధతి పెట్టాను. బుధవారం పన్నెండింటికి అందరి ఫోన్లకూ ఒకే మెసేజ్ వెళ్తుంది. కుర్చీలకు ఒకటి, వంటకు రెండు, సౌండ్‌కు మూడు, సండే స్కూల్‌కు నాలుగు, గిన్నెలకూ శుభ్రానికీ అయిదు. ఏ పని చేస్తామో ఆ అంకె కొట్టి పంపితే చాలు. ఎవరు ఏం పంపారో నాకొక్కదానికే కనిపిస్తుంది. ఫలానా పనికి ఫలానావాళ్ళు అనే జాబితా శనివారం పొద్దున అందరికీ వెళ్ళిపోతుంది.

అంకె కొట్టమన్నాను కదా. మా వాళ్ళు అంకె తప్ప అన్నీ కొట్టారు. "వందనాలు సిస్టర్, దేవుని చిత్తమైతే." "ప్రార్థనలో పెడుతున్నాం సిస్టర్." జోడించిన చేతుల బొమ్మ. ఒకాయన ప్రతి బుధవారం ఆ బొమ్మలు సరిగ్గా అయిదు పంపేవాడు. అయిదో పనికి ఒప్పుకున్నాడేమోనని పొరపడి గిన్నెల దగ్గర పేరు వేశాను. శనివారం ఆయన భార్య ఫోన్ చేసింది.

"మా ఆయన చేత గిన్నెలు కడిగిద్దామనుకుంటున్నారా సిస్టర్?"

మా వాళ్ళు నోరు తెరిచి రాను అనరు. అలాగని వస్తాననీ అనరు. అవునుకూ కాదుకూ మధ్య దేవుణ్ణి అడ్డం పెట్టుకుని ఆ వెనకాల హాయిగా కూర్చుంటారు. నాకు ఒళ్ళు మండిపోయేది. అప్పట్లో నా రోతంతా దీని మీదే. అంతకంటే పెద్ద రోత ముందుందని తెలియదు.

ఒక్కామె మాత్రం అంకె పంపేది.

ఆమె అప్పటికి సంఘానికి కొత్త. మా గుంటూరు జిల్లా మనిషే. ఇక్కడ ఒక వృద్ధుల హోమ్‌లో వంటగదిలో పని. తెల్లవారకముందే బస్సెక్కి వెళ్ళి అరవైమంది కెనడా ముసలివాళ్ళకు ఓట్‌మీలూ సూపూ వండి పెడుతుంది. భర్తకు గోదాములో ఉద్యోగం. బుధవారం పన్నెండింటికి మెసేజ్ వెళ్తే పన్నెండు దాటి ఒక్క నిమిషానికి ఆమె జవాబు వచ్చేది: 2. అంతే. వందనాలు లేవు, బొమ్మలు లేవు. ఆ ఒంటి అంకెను చూస్తే నాకు ప్రాణం లేచొచ్చేది.

ఫిబ్రవరి మొదటి ఆదివారం ఆమె కోడి పలావు చేసింది. బయట మోకాలి లోతు మంచు. హాలు గుమ్మంలో తడి బూట్ల గుట్ట. ఆ బూట్ల వాసనను కూడా పలావు వాసన మింగేసింది. మూడున్నరకల్లా గిన్నెలు ఖాళీ. మా సంఘ పెద్ద భార్యను అందరం పెద్దాంటీ అంటాం. ఆవిడ రెండోసారి వడ్డించుకుని, "చెయ్యి కడుక్కోబుద్ధి కావట్లేదమ్మా," అంది. డబ్బాలు తెచ్చుకున్నవాళ్ళు డబ్బాల్లో నింపుకున్నారు, తేనివాళ్ళు ఫాయిల్‌లో చుట్టుకున్నారు. పాస్టరు గారు ముగింపు ప్రార్థనలో ఆ చేతుల్ని దీవించమని ప్రత్యేకంగా అడిగారు.

ఆ రోజు ఆమె పక్కన నిలబడి నేను గిన్నెలు తుడిచాను. ఆమెకూ భర్తకూ అప్పటికి వర్క్ పర్మిట్లే. పీఆర్‌కి, అంటే ఈ దేశంలో శాశ్వతంగా ఉండిపోవడానికి, అప్లై చేసి ఎదురుచూస్తున్నారు.

"పీఆర్ వస్తే సంఘమంతటికీ వండి పెడతానని మొక్కుకున్నా సిస్టర్," అంది. "క్యాటరింగ్ కాదు. నా చేత్తో."

"తప్పకుండా పెడుదురుగాని," అన్నాను.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ హాలు వాళ్ళకొక షరతు ఉంది. వంటగది వాడిన రోజున ఫుడ్ హ్యాండ్లర్ సర్టిఫికెట్, అంటే వంటలో శుభ్రత తెలుసని సర్కారు ఇచ్చే కాగితం, ఉన్న మనిషి ఒకరు లోపల ఉండి తీరాలి, ఆ సర్టిఫికెట్ కాపీ గోడకు అంటించాలి. అంతకుముందు ఆ సర్టిఫికెట్ ఉన్న కుటుంబం బర్నబీ వెళ్ళిపోయింది. ఇంతమంది సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లలో, ప్రాజెక్ట్ మేనేజర్లలో అది ఉన్నది ఇప్పుడు ఈమెకొక్కదానికే. ఉద్యోగం కోసం పరీక్ష రాసి తెచ్చుకుంది. సింకు పైన గోడకు ఆమె సర్టిఫికెట్ అంటించాం.

ఇక నేను చేసిన తప్పు. మా సంఘంలో ఒకే పేరున్న సిస్టర్లు నలుగురు. బైబిల్లో పేరు, మూడిళ్ళకు ఒకరికి ఉంటుంది. జాబితాలో ఆ పేరు కనపడగానే నాక్కాదు నీకంటే నీకని ఒకరి మీద ఒకరు తోసుకునేవాళ్ళు. ఒక ఆదివారం సండే స్కూల్ పిల్లలు టీచర్ లేక హాల్లో పరుగులు పెట్టారు. నాకు విసుగెత్తింది. జాబితాలో ఇంటిపేరు కూడా వచ్చేటట్టు సెట్టింగ్ మార్చాను. ఒక్క టిక్కు. చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

తెలుగు క్రైస్తవుల మధ్య పుట్టి పెరిగినదాన్ని, ఇంటిపేరు అంటే ఏమిటో నాకు తెలియదా? తెలుసు. మా వాళ్ళకు ఇంటిపేరు చెబితే చాలు. ఊరు, ఊళ్ళో పేట, పేటలో చర్చి, ఎవరి ఇంటికి పిల్లనిచ్చారో, ఎవరు ఇవ్వరో, అన్నీ చదివేస్తారు. కెనడా వచ్చాక అందరం బ్రదర్, సిస్టర్ అయిపోయాం కదా, ఆ చదువు మరిచిపోయి ఉంటారనుకున్నాను.

మార్చి మొదటి శనివారం పొద్దున తొమ్మిదింటికి జాబితా వెళ్ళింది. తొమ్మిదీ పదికి పెద్దాంటీ ఫోన్.

"వంట దగ్గర ఒక ఇంటిపేరు చూశానమ్మా. పోయిన నెల పలావు చేసింది ఆ పిల్లేగా? వాళ్ళు ఏ ఊరివాళ్ళు?"

చెప్పాను.

"ఆ ఊరా! ఆ ఊళ్ళో మావాళ్ళున్నారు. మరి వీళ్ళ చర్చి కాలవ ఇవతలదా, అవతలదా?"

నాకు తెలియదన్నాను. అది అబద్ధం. ఆ ఇంటిపేరు టైపు చేసింది నేనే, చేసేటప్పుడే నాకు తెలుసు.

"ఏం లేదులే, ఊరికే అడిగా," అని పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం నా ఫోన్‌కు మెసేజ్‌లు వరుస కట్టాయి. అన్నాళ్ళూ ఒక్క అంకె కొట్టడం చేతకాని జనం ఆ రోజు పూర్తి వాక్యాలు రాశారు. "సిస్టర్, రేపు మా ఇంట్లో అందరికీ ఉపవాసం." "పిల్లలకు మసాలా పడట్లేదు, మా లెక్క తీసేయండి." "డాక్టర్ బయటి ఫుడ్ వద్దన్నారు." "మేం ఇంటి దగ్గర తినేసి వస్తాం." ఒక్కదాంట్లోనూ దేవుని చిత్తం ప్రస్తావన లేదు. రాము, తినము, వద్దు. ఎంత స్పష్టమైన తెలుగో! ఒకరి జవాబు ఒకరికి కనపడదు గనక ఎవరికి వాళ్ళు తమ రహస్యం భద్రంగా ఉందనుకున్నారు. ఆ రహస్యాలన్నీ వచ్చి చేరింది నా ఫోన్‌లోకి. వంటింటి తూములో చెయ్యి పెట్టినట్టు అనిపించి చేతులు కడుక్కున్నాను.

మర్నాడు ఆమె అదే పలావు చేసింది, అదే చేత్తో. జనం బల్ల దగ్గరకు వచ్చారు, ప్లేట్లు తీసుకున్నారు. ఇంకో సిస్టర్ ఇంటి నుంచి తెచ్చిన పెరుగన్నం గిన్నె అడుగంటింది. పలావులో మాత్రం గుంట కూడా పడలేదు. పిల్లలు కొంతమంది వెళ్ళబోతే తల్లులు భుజం పట్టి వెనక్కి లాగారు. ఒక పిల్ల, "బట్ మామ్, యూ లైక్డ్ ఇట్ లాస్ట్ టైమ్," అని గట్టిగానే అంది. ఆ తల్లి పిల్లను బాత్‌రూమ్ వైపు తీసుకుపోయింది.

ఆమె గరిటె పట్టుకుని నిలబడే ఉంది. ఉప్పు ఎక్కువైందేమోనని రెండుసార్లు నోట్లో వేసుకుని చూసుకుంది.

మా నాన్నగారి ఊళ్ళోనూ కాలవ ఉంది. ఇవతల మా పేట, అవతల వాళ్ళ పేట. రెండు పేటలకూ రెండు చర్చిలు, ఇద్దరికీ కలిపి ఒకే పాస్టరు. ఉదయం మా దగ్గర ప్రసంగం చేసి, మధ్యాహ్నం అదే ప్రసంగం అక్కడ చేసేవాడు. ఊరు మమ్మల్నీ వాళ్ళనీ సమానంగానే దూరం పెట్టింది. మా నాయనమ్మ కూలికి వెళ్ళే ఆసామి ఇంట్లో ఆవిడకు టీ పోయడానికి ఒక సత్తు గ్లాసు ఉండేది, పెరట్లో చూరులో దోపి ఉంచేవాళ్ళు. దాని గురించి చెబుతూ నాయనమ్మ ఏడ్చేది. అదే నాయనమ్మ, కాలవ అవతలి నుంచి పాత చెప్పులు కుట్టడానికి వచ్చే ముసలాయనకు మా ఇంట్లోనూ ఒక గ్లాసు విడిగా పెట్టింది. దాన్ని బోర్లించే చోటు కూడా నాకు గుర్తుంది. చిన్నప్పుడు ఒకసారి ఆ గ్లాసుతో నీళ్ళు తాగానని నా వీపు విమానం మోత మోగించింది.

ఈ సంగతి వేదిక మీద చెబితే మా వాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుంటారు, మొదటి సగానికి మాత్రం.

తర్వాతి వారం మా సంఘ పెద్ద ఫోన్ చేశాడు. పెద్దాంటీ భర్త. మృదువైన మనిషి, గొంతు ఎప్పుడూ పెంచడు.

"ఆ అమ్మాయిని బాధపెట్టకూడదు సిస్టర్. మనకెందుకు ఆ పాపం? కానీ ఫుడ్ వేస్టవుతోంది కదా. మీ సిస్టమ్‌లో ఏదో ఒకటి ఉంటుందిగా."

మా ఆయనతో చెబితే, "పెద్దాయన చెప్పినట్టు చెయ్యి, మనకెందుకు గొడవ," అన్నాడు.

సిస్టమ్‌లో ఉంది. ఏ పనికి ఎంతమంది అని పరిమితి పెట్టొచ్చు. ఏ నంబరుకు ఏ పని మూసేయాలో కూడా పెట్టొచ్చు. ఆమె నంబరుకు వంట ఎప్పుడూ నిండిపోయినట్టే చూపించేలా మార్చాను. అదీ ఒక్క టిక్కే. పేరున్న కాఫీ షాపులో కూర్చుని, డోనట్ తింటూ చేశానా పని. ఆమెను అవమానం నుంచి కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. తల్చుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత పుడుతుంది. ఆ మెసేజ్‌లు పంపినవాళ్ళు కనీసం తమ ఎంగిలి మాట తామే టైపు చేశారు. నేను యంత్రం చేత చెప్పించాను, అదీ మర్యాదగా.

ఏప్రిల్‌లో మొదటి ఆదివారానికి ముందు బుధవారం, పన్నెండు దాటి ఒక నిమిషానికి: 2.

యంత్రం జవాబు: ‘క్షమించండి సిస్టర్, ఈ సేవ నిండిపోయింది. 5 ఖాళీగా ఉంది. దేవుడు మిమ్మల్ని దీవించును గాక.’ ఆ దీవెన కూడా నేను రాసిందే.

కాసేపటికి ఆమె నుంచి: 5.

మే నెల అంతే. జూన్ అంతే. సెప్టెంబరు దాకా అంతే. మొదటి ఆదివారం వస్తే ఆమె సింకు దగ్గర నిలబడి మేం తిన్న గిన్నెలు కడిగేది. తలపైన గోడకు ఆమె సర్టిఫికెట్. సంఘానికి ఆమె కాగితం కావాలి, చెయ్యి వద్దు. వంట వేరేవాళ్ళు చేసేవాళ్ళు. ఒకసారి అన్నం మాడింది, ఒకసారి సాంబారులో ఉప్పే వేయలేదు. అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. జాబితాలో ఇంటిపేర్లు నేను ఏప్రిల్‌లోనే తీసేశాను. ఎవరూ అడగలేదు. చదవాల్సినవాళ్ళు చదివేశారు.

సెప్టెంబరు చివర ఆమె ఫోన్ చేసింది. నేను ఆఫీసు నుంచి జీఓ అనే ఇక్కడి లోకల్ ట్రైన్‌లో వస్తున్నాను.

"వచ్చేసింది సిస్టర్, వచ్చేసింది! పీఆర్!" ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "అక్టోబరు మొదటి ఆదివారం నా మొక్కుబడి భోజనం. ఆ రోజుకి వంట నాకు రాసేయండి సిస్టర్. ఇంకెవరూ వద్దు, మొత్తం నేనే."

రైలు పెట్టెలో అందరికీ వినపడేటట్టు కంగ్రాట్స్ అన్నాను. పాస్టరు గారితో మాట్లాడి చెబుతానన్నాను. ఆయనతో మాట్లాడాల్సిన పని ఏముంది అందులో? ఆమె కూడా అలాగే అనుకుని ఉంటుంది, అయినా సరే అంది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సండే స్కూల్ గదిలో కూర్చున్నాం, పాస్టరు గారు, సంఘ పెద్ద, నేను. పిల్లల కుర్చీలు, మోకాళ్ళు గడ్డాలకు తగులుతున్నాయి.

"రెస్టారెంట్ నుంచి తెప్పిద్దాం," అన్నాడు పెద్ద. "పేరు ఆమెదే చెబుదాం. పాపం, రోజంతా వంట పనే కదా ఆ అమ్మాయికి, ఇక్కడ కూడా శ్రమెందుకు?"

"ఆమె మొక్కుకున్నదే తన చేత్తో వండి పెడతానని," అన్నాను.

పాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మంచివారే. ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ పగలు బీమా ఉద్యోగం చేసుకుంటూ సంఘం నడుపుతున్నారు. "నాకు తెలియదనుకుంటున్నారా సిస్టర్? అంతా తెలుసు. కానీ పదిహేను కుటుంబాలు వెళ్ళిపోతే ఈ హాలు కూడా ఉండదు. సంఘంలో శాంతి సమాధానాలు ముఖ్యం. ప్రార్థన చేద్దాం."

చేశారు. తగ్గింపు మనసు గురించి, ఐక్యత గురించి చక్కగా చేశారు. గంట కిందటే ప్రభువు బల్ల ఆచరణలో మేం అందరం ఒకే రొట్టె విరిచి తిన్నాం. నేను తల వంచుకుని ఆమెన్ అన్నాను.

సాయంత్రం పార్కింగ్ లాట్‌లో కారులో కూర్చుని ఆమెకు ఫోన్ చేశాను. చెప్పాల్సిందంతా చెప్పాను. శ్రమ అన్నాను, క్యాటరింగ్ అన్నాను, అందరూ మీ గురించి ఆలోచించారన్నాను.

"సిస్టర్, జూన్‌లో నేను 2 కొడితే నిండిపోయిందని వచ్చింది," అంది. "రెండు నిమిషాలాగి మా ఆయన ఫోన్‌లోంచి 2 కొట్టా. థాంక్యూ బ్రదర్, మీ పేరు రాసుకున్నాం అని వచ్చింది. మళ్ళీ క్యాన్సిల్ చేయించానులెండి, ఆయనకు నీళ్ళు కాచడం కూడా రాదు."

ఆ పేరు వచ్చి పోవడం నేను చూశాను. పోయినందుకు అమ్మయ్య అనుకున్నాను కూడా.

"అంటే మీకు జూన్ నుంచీ తెలుసా?"

"మార్చి నుంచే తెలుసు. ఉప్పు సరిపోయిందిగా మరి."

"తెలిసి కూడా ఎందుకొచ్చి గిన్నెలు కడిగారు?"

"తప్పు చేసింది నేనా, నేను మానేయడానికి?" గొంతు మొదటిసారి పెరిగింది. "మా నాన్న కాలవ అవతల చర్చికి గంట కొనడానికి మూడేళ్ళు చెప్పులు కుట్టాడు సిస్టర్. నాకు దేవుడు మీ ద్వారా దొరకలేదు. హోమ్‌లో తొంభయ్యేళ్ళ తెల్ల ముసలావిడ నా చెయ్యి పట్టుకుని ఇంకొంచెం పెట్టమంటుంది. ఇక్కడ నావాళ్ళకు ఒక్క పూట పెట్టడానికి నేను ఎవర్ని అడగాలి?"

కారు అద్దానికి ఆవిరి పట్టింది. నేను క్షమించమన్నాను. "ముందు నా నంబరు తెరవండి," అంది.

ఇంటికి వెళ్ళేదాకా కూడా ఆగలేదు. అక్కడే లాప్‌టాప్ తీసి ఆమె నంబరు మీద టిక్కు తీసేశాను. బుధవారం దాకా కూడా ఆగకుండా అందరికీ మెసేజ్ పెట్టాను, ఇంటిపేరుతో సహా. ‘వచ్చే ఆదివారం సిస్టర్ గారి మొక్కుబడి భోజనం. వంట మొత్తం ఆమెదే. ఇంకే వంటా ఉండదు, పెరుగన్నం కూడా ఉండదు. తినేవాళ్ళు ‘తింటాను’ అని రాయండి. బొమ్మలూ ఆమెన్‌లూ లెక్కలోకి తీసుకోను.’

పెద్ద ఫోన్ చేశాడు, ఎత్తలేదు. పెద్దాంటీ చేసింది, ఎత్తలేదు. పాస్టరు గారు ‘తొందరపడ్డారు సిస్టర్’ అని ఒక్క ముక్క రాశారు, మర్నాడు ‘తింటాను’ అని ఇంకో ముక్క రాశారు. ఆయన భార్య నుంచి ఏమీ రాలేదు. వారమంతా ఆఫీసులో మీటింగుల మధ్య బల్ల కింద ఫోన్ పెట్టుకుని లెక్కపెట్టాను. ముప్ఫై ఒక్క ఆమెన్‌లు వచ్చాయి. ఎనిమిది ఉపవాసాలు. రెండు కుటుంబాలకు అదే ఆదివారం గ్వెల్ఫ్‌లో చుట్టాలు పుట్టుకొచ్చారు. ఒక్కొక్క పేరు చూసినప్పుడల్లా నీ బతుకు చెడ అనుకున్నాను. ఎవరు ఎలాంటివాళ్ళో నాకు తెలిసినంతగా ఆ సంఘంలో ఎవరికీ తెలియదు. అంతమంది తప్పు లెక్క నా చేతిలో ఉందన్న గర్వం కూడా కొంచెం ఉందేమో.

శనివారం పొద్దున ఆమె ఫోన్ వచ్చింది. వెనక కత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి, కోళ్ళ షాపులో వరుసలో నిలబడి ఉంది.

"ఎంతమంది అన్నారు సిస్టర్?"

పెంచి చెబుదామనిపించింది. నలభై అందామనిపించింది. ఆ అబద్ధం మర్నాడు ఆమె గరిటె ముందే బయటపడుతుంది.

"పదిహేడు," అన్నాను.

ఆమె ఫోన్ పక్కకు పెట్టి, షాపువాడితో ఇంగ్లీషులో ఇరవై కోళ్ళు చెప్పింది. చర్మం తీసేయమంది, ముక్కలు మరీ చిన్నవి వద్దంది.

"పదిహేడు మందికి ఇరవై కోళ్ళెందుకు?" అన్నాను.

"నేను మొక్కింది సంఘమంతటికీ. అందరికీ వండుతా. తినడం, మానడం వాళ్ళిష్టం." షాపువాడికి థాంక్స్ చెప్పి మళ్ళీ నా వైపు వచ్చింది. "ఆ పదిహేడు మీతో కలిపా సిస్టర్, మీరు కాకుండానా?"

మార్చిలో ఆ ఆదివారం నేను తిన్నది పెరుగన్నమే. వడ్డించే బల్లకు అటు చివర, ఎవరూ చూడని చోట నిలబడి తిన్నాను. అజీర్తిగా ఉందని నాకు నేను చెప్పుకున్నాను. ఆమె గరిటె పట్టుకుని నిలబడిన చోటికి ఆ చివర కనపడుతుంది. మార్చి నుంచి ఈ రోజు దాకా అందరి జవాబులూ చదివి అసహ్యించుకున్నాను. అందరికీ పంపిన మెసేజ్ నా ఫోన్‌కు కూడా వచ్చింది. అది తెరవను కూడా తెరవలేదు.

"నేనింకా పంపలేదు," అన్నాను.

"పంపండి మరి," అంది ఆమె.